పద్దెనిమిది దగ్గర ఆగిన ముల్లు

మార్చి 15, శనివారం

మా చెల్లెల్ని, చిన్నదాన్ని, రోజూ ఏదో ఒకటి రాయమంది డాక్టరమ్మ. తలకి దెబ్బ తగిలింది కదా, ఏది గుర్తుంటోందో ఏది జారిపోతోందో దాన్నిబట్టి తెలుస్తుందట. ఆస్పత్రి ఎదురు కొట్లో నోటు పుస్తకాలు జతగానే అమ్ముతాడట, విడదీసి ఇవ్వనన్నాడు. ఒకటి దానికిచ్చాను. రెండోది ఇది. ఇంజన్ కొలతలు తప్ప నేను సొంతంగా నాలుగు వాక్యాలు రాసి ఎన్నేళ్ళయిందో.

జరిగింది జరిగినట్టు రాస్తాను. పోయిన ఆదివారం మోటారు బోట్ల పోటీ ఫైనల్. ఆరో చుట్టు. చిన్నది రెండో స్థానంలో ఉంది, ముందున్న బోటుకీ దానికీ పెద్ద తేడా లేదు. నేరుగా ఉన్న దారిలోకి తిరిగి గంటకి తొంభై మైళ్ళు దాటింది. అప్పుడు ఇంజన్ పట్టేసింది. ముందు శబ్దం మారింది, ఆ వెంటనే శబ్దమే లేదు. వెనకాల నీళ్ళని తోసే ఫ్యాను ఆగిపోయేసరికి బోటు తోక ఎవరో పట్టి లాగినట్టు పక్కకి తిరిగి, లేచి, బోర్లా పడింది.

భుజం దగ్గర ఎముక విరిగింది. తుంటికి చీలిక. తల లోపల వాపు. ప్రాణానికి భయం లేదన్నారు.

దాని కూతురు నన్నడిగింది, ఇంత పెద్ద ఇంజన్ ఎలా ఆగిపోతుంది పెద్దమ్మా అని. ఆస్పత్రి వరండాలో కూర్చుని చెప్పాను. మన ఇంజన్లకు రేడియేటర్ ఉండదమ్మా, కింద నీళ్ళలో మునిగి ఉండే ఇంజన్ కాలికి ముక్కు దగ్గర నాలుగు రంధ్రాలుంటాయి, బోటు దూసుకుపోతుంటే ఆ ఒత్తిడికి నీళ్ళే లోపలికి తోసుకొస్తాయి, ఇంజన్ చుట్టూ తిరిగి వేడి పట్టుకుని బయటికి పోతాయి, అవి రాకపోతే అరనిమిషం చాలు, పిస్టన్లు ఉబ్బి పట్టేస్తాయి అని. మరి నీళ్ళు రావట్లేదని అమ్మకెలా తెలుస్తుంది అంది. ఎదురుగా నీళ్ళ ఒత్తిడి చూపించే గేజి ఉంటుంది, ముల్లు పద్దెనిమిది పౌండ్ల దగ్గర ఉంటే బాగున్నట్టు, పది కిందకి దిగితే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయాలి అన్నాను.

రెండు రంధ్రాల్లో నాచు చుట్టుకుంది. పైకి తీశాక అందరూ చూశారు. ఎవరి తప్పూ కాదు.

మార్చి 16

పొద్దున నిద్ర లేచి ముందు బోటు ఎలా ఉందని అడిగింది. బాగుందన్నాను. బోటు రెండు ముక్కలు.

మార్చి 19, బుధవారం

పోటీల సంఘం తరఫున తనిఖీ చేసే ఆయన షెడ్డుకొచ్చాడు. ఈయన్ని మేమంతా కళ్ళజోడాయన అంటాం. రెండు కళ్ళజోళ్ళుంటాయి, ఒకటి పెట్టుకుని రెండోది వెతుక్కుంటూ ఉంటాడు. మంచివాడే. ముక్కలైన బోటు చుట్టూ మూడు సార్లు తిరిగాడు. రంధ్రాల్లోంచి తీసిన నాచును సంచీలో వేసుకున్నాడు. గేజి విప్పి, తన దగ్గరున్న చేతి పంపుకు తగిలించి చూశాడు. అయిదుకి అయిదు, పదికి పది, ఇరవైకి ఇరవై చూపించింది. గేజికి ఏ లోపమూ లేదని రాసుకున్నాడు. గేజికి వెళ్ళే సన్న గొట్టం దెబ్బకి తెగిపోయి ఉంది, ఆ తెగిన చివరల్ని కూడా ఫొటో తీసుకున్నాడు.

వేడెక్కితే మోగే హారన్ ఏదని అడిగాడు. ఆ మోతలో వినపడదని పోటీ బోట్లలో ఎవరూ ఉంచరు, ఆయనకీ తెలుసు. అడగాలి కాబట్టి అడిగాడు.

పోటీ ముందు ఇచ్చిన కాగితంలో ఉన్నవి కాక ఇంకేమైనా మార్పులు చేశారా అన్నాడు. లేదన్నాను.

మార్చి 20

ఇంజన్ ఎత్తు కాగితంలో రాశాను. ఫ్యాను కొలత రాశాను. ఆయన అడిగింది పెద్ద మార్పుల గురించి.

మార్చి 23, ఆదివారం

రెండు వారాలైంది.

ఇవాళ చిన్నది చాలాసేపు మాట్లాడింది. మాట తడబడటం తగ్గింది. సంఘంవాళ్ళు వచ్చి దాని మాట తీసుకున్నారట. ఏం చెప్పావన్నాను. ఉన్నది చెప్పాను, ఇంజన్ ఆగే దాకా గేజి పద్దెనిమిది చూపించిందని చెప్పాను అంది. మలుపు తిరిగాక ఒకసారి, నేరు దారి మధ్యలో ఒకసారి చూసిందట. ముల్లు కదల్లేదట, గోడకి కొట్టిన మేకులా నిలబడి ఉందట.

వాళ్ళు నమ్మలేదు. పద్దెనిమిది పౌండ్ల నీళ్ళు తిరిగే ఇంజన్ పట్టేయదు, గేజి బాగానే ఉంది, కాబట్టి మీరు చూసి ఉండరు, పోటీ వేడిలో ముందు బోటునే చూస్తూ ఉండిపోయి ఉంటారు అన్నారట మర్యాదగానే. డాక్టరమ్మని అడిగితే ఆవిడా అలాగే చెప్పిందట. తలకి దెబ్బ తగిలినప్పుడు ఆ ముందు నిమిషాలు చెరిగిపోతాయి, ఖాళీ ఉంచడం ఇష్టం లేక మనసు అంతకు ముందెప్పుడో చూసినదాన్ని తెచ్చి అక్కడ పెట్టుకుంటుంది, ఇది అబద్ధం కాదు, జబ్బు లక్షణం అందట.

చిన్నది నా మొహంలోకి చూసి, అక్కా, నువ్వేమంటావ్ అంది.

దాని చెయ్యి పట్టుకుని, "అవునే, దెబ్బ తగిలితే అలాగే ఉంటుంది" అన్నాను.

సరేనంది. నా మాట అది ఎప్పుడూ కాదనలేదు. మా ఇద్దరికీ పదకొండేళ్ళు తేడా. తాడు లాగి ఇంజన్ స్టార్ట్ చేయడం నేర్పింది నేనే. నువ్వు దిగమంటే దిగుతాను అనేది నీళ్ళ దగ్గర, ఇక ఏదీ అడిగేది కాదు.

మార్చి 24

ఇక్కడైనా రాయాలి. ఈ పుస్తకం ఎవరూ చదవరు.

పోటీకి పది రోజుల ముందు ఇంజన్ను ముప్పాతిక అంగుళం పైకెత్తాను. ఎత్తితే నీళ్ళలో రాపిడి తగ్గుతుంది, మూడు మైళ్ళు అదనంగా వస్తాయి. పోయిన ఏడాది ఫైనల్లో మేం ఓడింది ఒక్క బోటు పొడుగుతో. అయితే ఎత్తిన కొద్దీ ఆ నాలుగు రంధ్రాలు నీటి పైమట్టానికి దగ్గరవుతాయి, నీళ్ళతో పాటు గాలిని కూడా మింగుతాయి. అందుకే ముల్లు వణకడం మొదలుపెట్టింది. పన్నెండుకీ ఇరవైకీ మధ్య ఊగేది.

చిన్నదానికి అది నచ్చలేదు. "అది వణికితే నా కాలు దానంతటదే లేస్తోందక్కా" అంది. కాలు లేస్తే నేను సంపాదించిన మూడు మైళ్ళూ పోతాయి.

చేయాల్సిన పని నాకు తెలుసు. పావు అంగుళం దించాలి. లేదా ఇంకా కింద రంధ్రాలున్న ముక్కు తెప్పించి అతికించాలి, దానికి మూడు వారాలు పడుతుంది. నేను రెండూ చేయలేదు. గేజికి వెళ్ళే గొట్టంలో ఇత్తడి బిరడా ఒకటి పెట్టాను. బఠాణీ గింజంత ఉంటుంది. మధ్యలో సూది మొన దిగేంత రంధ్రం. ఒత్తిడి ఎంత ఎగిరిపడినా ఆ సన్న రంధ్రంలోంచి గేజికి నెమ్మదిగా చేరుతుంది కాబట్టి ముల్లు ఊగదు. ఫ్యాక్టరీ పంపుల మీద అందరూ పెడతారు. తప్పు పని కాదు. అక్కడ నీళ్ళు వడకట్టి వస్తాయి.

పెట్టాక బోటు నీళ్ళలో దించి చూశాం. ముల్లు పద్దెనిమిది దగ్గర బుద్ధిగా నిలబడింది. గేజి బాగు చేశాను, ఇక భయం లేదు అన్నాను దానితో. బాగు చేశాను అన్నాను.

ఫైనల్ రోజు ముందు రెండు పోటీలు జరిగి నీళ్ళన్నీ కలకబారి ఉన్నాయి. బురద ఆ సూది రంధ్రంలో కూరుకుపోయింది. ఆ క్షణంలో గొట్టంలో ఉన్న ఒత్తిడి అటూ ఇటూ కదలకుండా అక్కడే ఇరుక్కుంది. తర్వాత నాచు వచ్చి రెండు రంధ్రాలు మూసి, మిగతా రెండూ గాలే మింగినా ముల్లుకు ఆ సంగతి తెలియదు. అది పద్దెనిమిది చూపిస్తూనే ఉంది.

చిన్నది చూసింది. సరిగ్గా చూసింది.

బోటు ఒడ్డుకు చేరగానే అందరూ అంబులెన్సు వైపు పరిగెత్తారు. నేను బోటు వైపు వెళ్ళాను. ఇంజన్ మూత కింద చెయ్యి పెట్టి ఆ ముక్కను లాగి జేబులో వేసుకున్నాను. ఎందుకు లాగానో అప్పుడు నేను ఆలోచించలేదు. ఆలోచించకుండానే లాగానంటే ఆలోచించినట్టేనా?

నట్లూ వాషర్లూ వేసే డబ్బాలో ఉంది. రంధ్రంలో బురద ఎండి గట్టిపడింది.

మార్చి 28

పని. రెండు చేపల బోట్ల ఇంజన్లు, ఒక పంపు.

పక్క షెడ్డు మేస్త్రి వచ్చాడు, చిన్నదాని ఆరోగ్యం అడగడానికి. ఆయన గొట్టం బిగిస్తే మళ్ళీ విప్పడం ఆయన వల్ల కూడా కాదని మా దగ్గర హాస్యం. టీ తాగుతూ, నీలాంటి మెకానిక్ ఉండి కూడా ఇలా అయిందంటే డ్రైవర్ చూసుకోలేదనే కదా అర్థం, ఆడది కదా అని కాదు గానీ, కుర్ర రక్తం అలాగే ఉంటుంది అన్నాడు. చిన్నదానికి ముప్పై ఎనిమిది.

ఇంకో కప్పు పోశాను.

ఏప్రిల్ 2, బుధవారం

చిన్నది ఇంటికొచ్చి వారం. చేతికర్రతో నడుస్తోంది. ఇవాళ పరీక్షలకి నేనే తీసుకెళ్ళాను, దాని మొగుడు, మా మరిదికి చేతినిండా పనుంది. బోట్ల సీట్లకు తొడుగులు కుట్టే పని అతనిది, ఈ రోజుల్లోనే అందరూ ఇస్తారు.

డాక్టరమ్మ బొమ్మలు చూపించి పేర్లడిగింది, అంకెలు వెనక్కి చెప్పించింది. అన్నీ చెప్పింది. చివర్లో ప్రమాదం గురించి అడిగింది. పద్దెనిమిది అంది చిన్నది. డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసి, నన్ను బయటికి పిలిచి, మిగతా అంతా బాగుంది గానీ ఈ ఒక్క తప్పుడు జ్ఞాపకం గట్టిగా పాతుకుపోయింది, ప్రయాణికుల లాంచీ నడిపే మనిషికి ఇది ఉండగా ఆరోగ్యంగా ఉందని సంతకం పెట్టలేను అంది. లాంచీ నడపడం చిన్నదాని ఉద్యోగం. పోటీలు సెలవు రోజుల సరదా. పదమూడేళ్ళుగా అదే రేవు, అదే లాంచీ.

లేని వరదను చూసి లాంచీ తిప్పేస్తే, ఉన్న పడవను చూడకపోతే, అరవైమంది ప్రాణాలు కదా అంది డాక్టరమ్మ. మంచి మనిషి. ఆవిడ తెలిసినదాన్నిబట్టి చెప్తోంది.

నేను తల ఊపాను.

ఏప్రిల్ 3

ఇవాళ చెబుదామనుకున్నాను. వాన వచ్చింది.

ఏప్రిల్ 4

వాన లేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

చిన్నదాని అమ్మాయి షెడ్డుకొచ్చింది, కాలేజీ ప్రాజెక్టుకి రేకు ముక్క కావాలని. రేకు ఒక సాకు. వాళ్ళమ్మ మీద కోపంగా ఉంది. చూడలేదు అని ఒప్పుకుంటే ఏం పోతుంది పెద్దమ్మా, నాన్న కూడా అదే అంటున్నాడు, నిన్న పొయ్యి కట్టేశానో లేదో అని మూడు సార్లు లేచి చూసుకుంది, తలుపు గొళ్ళెం చూసుకుంటుంది, నా పేరు కూడా ఒకసారి మనసులో అనుకుని పిలుస్తోంది, నాకు తెలుస్తోంది అంది. ఏడవలేదు. వాళ్ళమ్మలాగే పెదవి బిగబట్టుకుంది.

రేకు కత్తిరించి, అంచులు గీసుకోకుండా అరగదీసి ఇచ్చాను. అంచులు అరగదీయడానికి మామూలు కంటే చాలాసేపు పట్టింది.

చెప్పకపోవడానికి కారణాలు రాసుకుందామని కూర్చున్నాను. షెడ్డు మూసేస్తారు. మూసినా నా మీద ఆధారపడ్డవాళ్ళెవరూ లేరు, కాబట్టి అది కారణం కాదు. చెప్పినా విరిగిన ఎముక అతుక్కోదు. అది నిజమే గాని ఎముక గురించి ఎవరూ అడగట్లేదు. చిన్నది నన్ను అసహ్యించుకుంటుంది. ఇదొక్కటే మిగిలింది.

ఏప్రిల్ 9

సంఘం నిర్ణయం వచ్చింది. డ్రైవర్ అశ్రద్ధ. ఏడాది పాటు పోటీ లైసెన్సు రద్దు. మెకానిక్ పనిలో లోపం కనపడలేదు. ఈ చివరి వాక్యాన్ని కళ్ళజోడాయన నాకు ఫోన్లో చదివి వినిపించాడు, సంతోషిస్తానని.

చిన్నది ఏ గొడవా పెట్టకుండా సంతకం చేసిందట.

ఏప్రిల్ 12

ఏం రాయను.

ఏప్రిల్ 15, మంగళవారం

చిన్నదాని ఇంటికెళ్ళాను. అది స్నానానికి వెళ్ళింది. దాని నోటు పుస్తకం మంచం మీద తెరిచి ఉంది. ఇంకొకళ్ళది చదవకూడదు, తెలుసు. నేను చేయకూడని పనుల్లో ఇది ఎన్నోది?

మొదటి పేజీల్లో మామూలు సంగతులు. ఏం తిన్నది, ఎవరొచ్చారు. మధ్యలో ఒక పేజీ నిండా బోటు ముందు భాగం బొమ్మ గీసింది, స్టీరింగూ అద్దమూ గేజీ, ఏ మరక ఎక్కడుందో దానితో సహా. గేజిలో ముల్లు గీసి, కొట్టేసి, ఇంకోచోట గీసి, కొట్టేసి, కాగితం చిరిగింది.

ఆ తర్వాత నాలుగు పేజీలు ఒకటే వాక్యం. చిన్నప్పుడు బడిలో తప్పు చేస్తే వందసార్లు రాయించినట్టు.

నేను గేజి చూడలేదు. నేను గేజి చూడలేదు. నేను గేజి చూడలేదు.

డాక్టరమ్మ రాయమందా అని మరిదిని అడిగాను. లేదు వదినా, తనంతట తనే, త్వరగా లాంచీ ఎక్కాలట, నమ్మేదాకా రాస్తానంటోంది అన్నాడు.

అది స్నానం చేసి వచ్చేలోపు నేను వచ్చేశాను.

ఏప్రిల్ 18, శుక్రవారం

చెప్పాను.

మధ్యాహ్నం మూడింటికి వెళ్ళాను. అమ్మాయి కాలేజీలో ఉంది. మరిది ముందు గదిలో మిషను మీద నీలం రంగు తొడుగు కుడుతున్నాడు. చిన్నది నేల మీద కాళ్ళు చాపుకుని ఒంటి చేత్తో బట్టలు మడత పెడుతోంది. నన్ను చూసి పక్కకి జరిగి చోటిచ్చింది.

కూర్చోకుండానే, "నువ్వు చూసింది పద్దెనిమిదే" అన్నాను.

"మళ్ళీ మొదలెట్టకక్కా. నేను దాన్ని వదిలేశాను."

ఇత్తడి ముక్క దాని అరచేతిలో పెట్టాను. అప్పుడు కూర్చున్నాను. మొదట్నించీ చెప్పాను. ఎత్తిన ముప్పాతిక అంగుళం, గాలి, వణుకు, బిరడా, బురద, ఇరుక్కున్న ఒత్తిడి. అంబులెన్సు వైపు కాకుండా బోటు వైపు వెళ్ళడం. కళ్ళజోడాయనతో అన్న మాట. ఏదీ మింగేయలేదు. చెబుతున్నంతసేపూ దాని వేళ్ళ వైపే చూశాను, మొహం వైపు చూడలేకపోయాను. ఎక్కడో మధ్యలో కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది.

అది ఆ ముక్కను కిటికీ వైపు ఎత్తి, ఒక కన్ను మూసి, రంధ్రంలోంచి చూసింది. వెలుతురు రాలేదు.

"అయితే నా తల బాగానే ఉంది" అంది.

"బాగానే ఉంది."

నవ్వింది. నిజంగానే నవ్వింది, నెల రోజుల తర్వాత మొదటిసారి, పళ్ళు కనపడేలా. మరిది వైపు తిరిగి, విన్నావా, నా తల బాగానే ఉందట అంది. తర్వాత ఆ నవ్వు మొహం మీద ఉండగానే ఏడుపు వచ్చింది. ఆ రెండూ ఎక్కడ మారాయో నాకు తెలియలేదు. చెయ్యి వేయబోయాను. వద్దన్నట్టు భుజం వెనక్కి తీసుకుంది. విరిగిన భుజం, నొప్పి పుట్టి ఉంటుంది.

కాసేపటికి మొహం తుడుచుకుని, నీకెప్పుడు తెలిసింది అంది.

"బోటు ఒడ్డుకు తెచ్చినప్పుడే."

వేళ్ళ మీద లెక్కపెట్టింది. నలభై రోజులు.

"బోల్తా పడినందుకు నేనేమీ అనను. తొంభై మైళ్ళ మీద పోయేవాళ్ళకి అది ఎప్పుడైనా జరుగుతుంది. ఎత్తమని నేనూ అన్నాను, గెలవాలని నాకూ ఉంది." గొంతు పెంచలేదు. మడత పెట్టిన తువ్వాలును మళ్ళీ విప్పి మళ్ళీ మడత పెడుతోంది. "నా చెయ్యి పట్టుకుని, దెబ్బ తగిలితే అలాగే ఉంటుంది అన్నావు చూడు. అది నా వల్ల కావట్లేదక్కా. నేను నా కళ్ళని నమ్మడం మానేశాను, నిన్ను నమ్మి."

నేను ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు. నా తలకి ఏ దెబ్బా తగల్లేదు, అయినా గుర్తులేదు.

మరిది లేచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో అతను నాతో ఒక్క మాట కటువుగా అనలేదు. ఇవాళ కూడా అనలేదు. "ఇవాళ్టికి వెళ్ళు వదినా" అన్నాడు.

ఇత్తడి ముక్క అడిగి తీసుకున్నాను, సంఘానికి చూపించాలని. చిన్నది ఇవ్వడానికి ఒక్క క్షణం ఆలోచించింది. నా చేతిలో ఇవ్వలేదు. మరిదికిచ్చి, నువ్వు కూడా వెళ్ళు, నువ్వే వాళ్ళ చేతిలో పెట్టు అంది.

ఏప్రిల్ 19

మరిదీ నేనూ కళ్ళజోడాయన దగ్గరికి వెళ్ళాం. ఆయన గొట్టానికి ఒక చివర గేజి, ఇంకో చివర బిరడా బిగించి, మధ్యలోంచి పంపుతో పద్దెనిమిదికి ఎక్కించి పంపు దారి మూసేశాడు. ముల్లు అలాగే ఉంది. మరిది దగ్గరికి వంగి చూశాడు. కళ్ళజోడాయన గడియారం చూసుకున్నాడు. ఆరు నిమిషాలు ఉంచాడు. ముల్లు వెంట్రుకంత కూడా దిగలేదు.

ఆయన కళ్ళజోడు తీసి, నేను మీ షెడ్డులో అడిగాను కదమ్మా అన్నాడు. అంతే అన్నాడు.

ఏప్రిల్ 22

డాక్టరమ్మకు కూడా నేనే చెప్పాను. చిన్నదాని ఫైలు తీసి, తప్పుడు జ్ఞాపకం అని రాసిన చోట గీత కొట్టి, పక్కన తారీఖు వేసింది. తర్వాత, ఆమె నాలుగు వారాలుగా మీతోనే ఇక్కడికి వచ్చింది కదా అంది. అవునన్నాను.

మే 5, సోమవారం

చిన్నదాని లైసెన్సు వెనక్కి ఇచ్చారు. పోటీ బోట్ల మీద పని చేయడానికి నాకు మూడేళ్ళ నిషేధం. పక్క షెడ్డు మేస్త్రి అన్యాయం అన్నాడు, మూడేళ్ళా అని. తక్కువే అన్నాను. ఆయన గొట్టం క్లిప్పులు అరువు అడిగి పట్టుకెళ్ళాడు.

మే 20

చిన్నది మళ్ళీ లాంచీ ఎక్కింది. అమ్మాయి చెప్పింది, ఫోన్లో. పెద్దమ్మా అని పిలవడానికి ముందు కొంచెం ఆగింది.

మే 24

రేవుకి వెళ్ళి ఎనిమిది గంటల లాంచీ ఎక్కాను. వెనక వరసలో కూర్చున్నాను. చిన్నది అద్దాల గదిలో నిలబడి నడుపుతోంది, చేతికర్ర మూలన ఆనించి ఉంది. అవతలి రేవులో దిగేటప్పుడు అందరికీ చెప్పినట్టే నాకూ, మెట్టు తడిగా ఉంది చూసుకుని దిగండి అంది. దిగండి అంది.

తిరిగి అదే లాంచీలో రాలేదు. వంతెన మీదుగా నడిచి వచ్చాను.

జూన్ 8

చేపల బోటు ఇంజన్లు మూడు. మంచి పని పడుతోంది.

జూన్ 15, ఆదివారం

పొద్దున్నే చిన్నది షెడ్డుకొచ్చింది. మరిది బండిలో దించి, బయటే ఉండిపోయాడు. బండి వెనక ట్రాలీలో పాత బోటు ఒకటి, ఎవరిదో కొన్నారట. ఇంజన్ కొత్తది కాదు, బాగానే ఉంది.

నిషేధం ఉంది, నేను చెయ్యి పెట్టకూడదు అన్నాను. తెలుసు, చెయ్యి పెట్టొద్దు అంది. స్టూలు లాక్కుని ఇంజన్ ముందు కూర్చుంది. తుంటి ఇంకా నొప్పిగానే ఉన్నట్టుంది, ఒక పక్కకి ఒరిగి కూర్చుంది.

"నీళ్ళు ఎక్కడ లోపలికి వస్తాయో, ఎక్కడెక్కడ తిరుగుతాయో, ఎక్కడ బయటికి పోతాయో మొత్తం చెప్పు. విప్పేది నేనే" అంది.

పదహారేళ్ళు నేను దానికి బోట్లు సిద్ధం చేశాను. ఒక్కసారి కూడా ఇది అడగలేదు. నేనూ చెప్పలేదు. అది నడిపేది, నేను బిగించేదాన్ని, ఎవరి పని వాళ్ళది అనుకున్నాను. అలా ఉండటం నాకు బాగుండేదని ఇప్పుడు రాయగలను.

ముక్కు దగ్గర మొదలుపెట్టాం. రంధ్రాల్లో ఒక్కోదాంట్లో వేలు పెట్టి చూసింది. బోటు అడుగు మట్టం నుంచి రంధ్రం దాకా టేపు పట్టి తనే కొలిచి, తను తెచ్చిన కాగితం మీద రాసుకుంది. ఎంత ఎత్తు ఉంచుతావంటే, ముల్లు ఊగనంత అంది. ఊగితే? ఊగితే దించుతాను. తర్వాత, నెమ్మదిగా పోయేటప్పుడు నీళ్ళు లాగే పంపు. తర్వాత పైకి వెళ్ళే గొట్టం. ఒత్తిడి మరీ ఎక్కువైతే తెరుచుకునే వాల్వు దగ్గర ఆగి, స్ప్రింగును బొటనవేలితో నొక్కి చూసి, ఇంకా గట్టిది ఉండాలా అని అడిగింది. వద్దు, గొట్టాలు ఊడిపోతాయి అని చెప్పాను. ఎందుకు ఊడిపోతాయంది. చెప్పాను. అర్థం కాలేదంది. మళ్ళీ చెప్పాను.

గంటన్నర పట్టింది. మా మధ్య ఇంజన్ మాటలు తప్ప వేరే మాట రాలేదు. ఒకసారి మాత్రం గ్రీజు అంటిన చేత్తో జుట్టు వెనక్కి తోసుకోబోతే ఆగమని, నేనే తోశాను. ఊరుకుంది.

గేజికి వెళ్ళే సన్న గొట్టం దగ్గరికొచ్చాం.

"అది బాగానే ఉందే, నువ్వు పంపు విప్పుతుంటే చూశాను" అన్నాను. అలవాటుగా వచ్చేసింది.

చిన్నది నా వైపు తిరగలేదు. క్లిప్పు మీద వేలు ఉంచి, చెయ్యి వెనక్కి చాపింది.

స్పానర్ అందించాను. గొట్టం విప్పి, ఒక చివర పెదాలకు ఆనించుకుని, రెండో చివర అరచేతికి పెట్టుకుని ఊదింది. గాలి చేతికి తగిలేదాకా ఊదింది. సరే అని కాగితం మీద టిక్కు పెట్టుకుంది.

"తర్వాతేది?" అంది.